టూరు డైరీలో రాయని సంగతులు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రయాణాలు రచనకు ఎలా తోడ్పడతాయో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను పేరున్న రచయితను కాను. ఉద్యోగరీత్యా ఊళ్లు తిరిగాను, రిటైరయ్యాక నాలుగైదు కథలు రాశాను. ఆ మాత్రం అర్హతతోనే మీ ముందు నిలబడ్డాను.

నిజానికి మనమందరం ఎంతో కొంత రాసినవాళ్లమే. టూరు డైరీలు రాశాం, టి.ఏ. బిల్లులు రాశాం. ఎన్నింటికి బయలుదేరాం, ఎన్నింటికి చేరాం, ఎన్ని కిలోమీటర్లు, బస్సా రైలా, అన్నీ పైసలతో సహా రాశాం. రాయనిదల్లా దారిలో కలిసిన మనుషుల సంగతే. ఆ ఫారంలో దానికి గడి లేదు మరి!

ఆ గడి తానే గీసుకున్న ఉద్యోగి ఒకాయన ఉన్నారు. ఏనుగుల వీరాస్వామయ్యగారు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసేవారు. 1830 మే 18న పరివారంతో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా వెళ్లి, గయ, కలకత్తా, పూరీ జగన్నాథం చూసుకొని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. రైళ్లు లేని కాలం. ఆయన దేవుళ్ల సంగతులతో సరిపెట్టలేదు. ఏ మకాములో మంచినీళ్లు దొరుకుతాయి, ఎక్కడ అంగళ్లున్నాయి, దారి ఎలా ఉంది, జనం ఆచారాలేమిటి, ఇవన్నీ వాడుక మాటల్లో రాస్తూ పోయారు. రాసినవి మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెగారికి పంపారు. 1836లో వీరాస్వామయ్యగారు కాలం చేశారు. 1838లో పిళ్లెగారు 'కాశీయాత్ర చరిత్ర'ను అచ్చు వేయించారు. రాసినవారు అచ్చు పుస్తకం కళ్ల చూసుకోకపోయినా, అప్పటి ఊళ్లనూ దారులనూ మనం ఇప్పటికీ అందులో చూస్తున్నాం.

ఆయన నుంచి నేర్చుకోవలసినవి రెండు. వేడి మీద రాయడం ఒకటి. ఒక మనిషికి చెబుతున్నట్టు రాయడం రెండు. నేను ఈ రెండూ చేయక పోగొట్టుకున్నదేమిటో మనవి చేస్తాను.

1986 ఆగస్టులో ఆడిట్ పని మీద భద్రాచలంలో ఉన్నాను. అక్కడ గోదావరి నీటిమట్టం 75.6 అడుగులకు చేరిన వరద అది. బసలోకి నీళ్లు వస్తుంటే, మెరక మీద ఉన్న ఒక ఇంటివారు మా ఇద్దరు ఉద్యోగులనూ లోపలికి పిలిచారు. మూడు రాత్రులు అక్కడే తిన్నాం, అక్కడే పడుకున్నాం. ఆ ఇంటి ముసలమ్మగారు గంటకోసారి లాంతరు పట్టుకొని మెట్ల దగ్గరికి వెళ్లి, నీరు ఎంతవరకు వచ్చిందో గోడ మీద బొగ్గుముక్కతో గీత పెట్టేవారు. గీత మునగలేదని నమ్మకం కుదిరాక గాని ఆవిడ నడుం వాల్చలేదు.

తిరిగొచ్చి డైరీలో ఏం రాశాను? 'వరద కారణంగా హాల్టు, మూడు రోజులు.' హాల్టుకు ముందస్తు అనుమతి లేదని బిల్లు వెనక్కి వచ్చింది. దానికి రెండు పేజీల వివరణ రాశాను. అందులోనూ ముసలమ్మగారు లేరు.

ఇరవై ఏళ్ల తరువాత కథ రాద్దామని కూర్చున్నాను. ఆవిడ పేరేమిటి? మమ్మల్ని ఏమని పిలిచేవారు? ఆ వానలో, ఆ చీకట్లో మాకు ఏం వండి పెట్టారు? ఒక్కటీ గుర్తు రాలేదు. వెతుక్కుంటూ వెళితే ఆ ఇల్లూ లేదు, ఆనవాలు చెప్పేవారూ లేరు. ఏదో పేరు కల్పించి కథ పూర్తిచేశాను. చదివినవారు బాగుందన్నారు. కానీ ఆ పేరు కంటపడినప్పుడల్లా, బాకీ వేరెవరికో చెల్లించి వచ్చినట్టుంటుంది నాకు.

కల్పన తప్పని నేననడం లేదు. మొక్కపాటి నరసింహశాస్త్రిగారు చదువు కోసం సీమకు వెళ్లివచ్చినవారే. చూసినదాన్ని తన పేర చెప్పకుండా మొగల్తూరు నుంచి ఒక అమాయకుణ్ణి బయలుదేరదీశారు. ఆడవాళ్ల టోపీ కొనుక్కొని దర్జాగా పెట్టుకున్న పార్వతీశాన్ని తెలుగువాళ్లు మరువలేదు. అయితే కల్పనకు మేలిరకం సరుకు కావాలి. ఆ సరుకు చిన్న సంగతుల్లో ఉంటుంది. తాజ్‌మహల్ వర్ణన పుస్తకాల్లో దొరుకుతుంది. ఎదుటి బెర్తు మీది పెద్దాయన మందుబిళ్లలు ఏ డబ్బాలో దాచుకున్నాడో మనం రాస్తేనే దొరుకుతుంది.

ఇప్పుడందరం సెల్‌ఫోనుతో ఫొటోలు తీస్తున్నాం. మంచిదే. కానీ ఫొటోలో ముఖం ఉంటుంది గాని మాట ఉండదు.

ఈ ఏడు మన సంఘం తరఫున కాశీ, గయ యాత్ర తలపెట్టారు. వెళ్లేవారికి నా విన్నపం ఒక్కటే. మందులతో పాటు ఒక నోటు పుస్తకం సంచిలో వేసుకోండి. పడుకునే ముందు పది వాక్యాలు, ఇంట్లో మనవరాలికి చెబుతున్నట్టు రాయండి. మంచినీళ్లిచ్చిన మనిషి పేరు అడగండి. అడిగితే ఎవరూ కాదనరు. పేరు రాసుకున్నాకనే దీపం ఆర్పండి.

అది కథవుతుందా, కాదా అన్నది తరువాతి మాట. ఈసారైనా మన డైరీలో మనుషులు ఉంటారు.