మహారాష్ట్రలో ఎద్దుల బండ్ల పందేలు

మహారాష్ట్ర పల్లెల్లో జరిగే ఎద్దుల బండ్ల పందేలను 2014 మే 7న సుప్రీంకోర్టు నిషేధించింది. కొరడా దెబ్బలు, తోకలు మెలిపెట్టడం వంటి హింస అందుకు కారణం. అది న్యాయమైన కారణమే. అయితే దెబ్బ రైతుకూ తగిలింది. పరుగుకు పేరుపడ్డ ఖిల్లారీ ఎద్దులకు గిరాకీ తగ్గింది, జాతరలు వెలవెలబోయాయి, కొన్నిచోట్ల పందేలు చాటుగా సాగాయి. 2017లో పందేలకు వీలు కల్పిస్తూ రాష్ట్రం జంతుహింస నివారణ చట్టాన్ని సవరించింది. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు పందేలకు అనుమతి ఇచ్చింది. 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణను సమర్థించింది. ఇప్పుడు పందెం జరపాలంటే కలెక్టరు అనుమతి తప్పనిసరి. నిబంధనలు మీరి ఎద్దును హింసిస్తే 5 లక్షల రూపాయల వరకు జరిమానా లేదా 3 ఏళ్ల వరకు జైలుశిక్ష పడుతుంది.