పాత జబ్బును దాచవద్దు, రాయించండి
(వడమాలపేటలో చేసిన ప్రసంగ పాఠం)



మాలో కొందరం ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాలుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాళ్లం. దరఖాస్తులో ఒక గడి తప్పుగా నింపితే ఏమవుతుందో మాకు తెలుసు. అయినా మన దర్జీ సోదరుడొకరికి ఆ మాట సకాలంలో చెప్పలేకపోయాము.

ఆయనకు ఆరేళ్లుగా మధుమేహం. ఆరోగ్య బీమా తీసుకునేటప్పుడు ఏజెంటుకు ఆ సంగతి చెప్పారు. "రాస్తే ప్రీమియం పెరుగుతుంది భాయ్, సంతకం చేయండి చాలు" అని ఏజెంటు 'జబ్బులు లేవు' అన్నచోట టిక్కు పెట్టాడు. రెండో ఏట మూత్రపిండాల చికిత్సకు తిరుపతిలో చేరితే, పాత మందుల చీటీలు చూసి కంపెనీ క్లెయిమును తిరస్కరించింది. పాలసీని కూడా రద్దు చేసింది. బిల్లు కట్టడానికి ఆయన కుట్టుమిషన్లు అమ్ముకున్నారు. ఏజెంటుకు నోటితో చెప్పినదానికి సాక్ష్యంగా కాగితం ముక్క లేదు. కాగితం మీద ఉన్నది ఆయన సంతకం ఒక్కటే. మేమూ ఏమీ చేయలేకపోయాము.

ఈ కష్టం అందరికీ ఒకేలా రాదు. పింఛనుదారులమైన మాకు ప్రభుత్వ ఆరోగ్య పథకం ఉంది. పాత జబ్బు ఉన్నదని అది మమ్మల్ని తిరస్కరించదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకమూ అంతే. పెద్ద సంస్థలలో ఉద్యోగులకు సాధారణంగా గ్రూపు పాలసీ ఉంటుంది. ఈ మూడింటిలో దేనికీ చెందని చిన్న వ్యాపారి, దర్జీ, మెకానిక్కు మాత్రమే ఒంటరిగా కంపెనీ ముందు నిలబడాలి. మన సమాజంలో స్వయం ఉపాధిపై బతికేవారు ఎక్కువని 2006లో సచార్ కమిటీ చెప్పింది. కనుక ఈ నిబంధన మన ఇళ్లను ఎక్కువగా తాకుతుంది.

నిబంధన ఏమిటో చూద్దాం. పాలసీకి ముందు 36 నెలలలో నిర్ధారణ అయిన, లేదా వైద్యుడు చికిత్స సూచించిన జబ్బును ముందునుంచే ఉన్న వ్యాధిగా లెక్కిస్తారు. దాని చికిత్సకు డబ్బు ఇవ్వకుండా కంపెనీ విధించగల నిరీక్షణ కాలాన్ని, 2024 ఏప్రిల్ నుంచి నాలుగేళ్లకు బదులు గరిష్ఠంగా మూడేళ్లకు తగ్గించారు. అయిదేళ్లు ఎడతెగకుండా పాలసీ కొనసాగితే, మోసం రుజువైతే తప్ప, వివరాలు చెప్పలేదన్న సాకుతో క్లెయిమును తిరస్కరించరాదు. దర్జీ సోదరునిది రెండో ఏడే కావడంతో ఈ రక్షణ అందలేదు.

రాసినవారికి న్యాయం ఎలా దక్కిందో కూడా చూడండి. విదేశీ ప్రయాణ పాలసీ తీసుకున్న ఒకాయన తనకు మధుమేహం ఉన్నదని ఫారంలో రాశారు. అమెరికాలో గుండెపోటు వచ్చింది. కొలెస్ట్రాల్ మందుల సంగతి చెప్పలేదని కంపెనీ కాదంది. ఆరోగ్య స్థితిని తెలుసుకుని పాలసీ ఇచ్చాక, ఆ స్థితినే చూపి తిరస్కరించడం చెల్లదని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆయనను కాపాడింది ఆ ఫారంలోని రాత.

కాబట్టి మూడు పనులు చేయండి. ప్రతిపాదన పత్రాన్ని మీ ఎదుటే నింపించి, ప్రతి జబ్బూ, ప్రతి మందూ రాయించి, నకలు దాచుకోండి. పాలసీ వివరాల పత్రాన్ని తెలుగులో ఇమ్మని అడగండి. అడిగితే స్థానిక భాషలో ఇవ్వాలన్న నిబంధన ఉంది. క్లెయిమును తిరస్కరిస్తే ముందుగా కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తినివ్వకపోయినా, ఏడాదిలోగా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు.

బీమా ధర్మసమ్మతమా అన్న చర్చను ఉలమాలకే వదులుదాం. తీసుకున్నవారు మోసపోకుండా చూడటం మన బాధ్యత. ఏజెంటు తప్పుకు రోగిని శిక్షించే పద్ధతి మారాలని అడగటం మన హక్కు. మీ ఇంట్లో పాలసీ ఉంటే ఆ కాగితాలు ఈ శుక్రవారం నమాజు తరువాత తీసుకురండి. కూర్చుని ఒక్కొక్క గడీ చదివి చెబుతాము.