హెచ్చరిక పుత్రుడు



అపొస్తలుల కార్యములను గ్రంథమున కుప్ర ద్వీపములో పుట్టిన యోసేపు అను లేవీయుని ప్రస్తావన గలదు. అపొస్తలులు అతనికి బర్నబా అని పేరిడిరి. ఆ పేరునకు తెలుగు బైబిలు అనువాదకులు హెచ్చరిక పుత్రుడని అర్థము వ్రాసిరి. ఉద్యోగులకు హెచ్చరిక యనగానే మెమో జ్ఞప్తికి వచ్చుట సహజము. కాని మూలమందలి గ్రీకు పదమునకు ఓదార్చుట, ధైర్యము చెప్పుట, కర్తవ్యమునకు పురికొల్పుట యను అర్థములన్నియు గలవు.

బర్నబా ఆ పేరునకు తగినవాడు. క్రైస్తవులను హింసించిన సౌలు మనస్సు మారి యెరూషలేమునకు వచ్చినపుడు శిష్యులు భయపడిరేగాని నమ్మలేదు. బర్నబా అతనిని అపొస్తలుల యొద్దకు తోడ్కొనిపోయి, అతని పక్షమున మాటలాడెను. సౌలు మోసగాడైనచో పోవునది బర్నబా మర్యాదయే గదా! పిమ్మట అంతియొకయలో పని పెరిగినపుడు తార్సునకు పోయి, అతనిని వెదకి తెచ్చినవాడును బర్నబాయే. ఆ సౌలే పౌలు. నడుమ విడిచిపోయిన మార్కును మరల వెంట తీసికొనిపోవుటకు పౌలు నిరాకరింపగా, బర్నబా పౌలునే విడిచి మార్కుతో కుప్రకు ఓడనెక్కెను. తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో ఆ మార్కే ప్రయోజనకరుడని చెప్పబడినది.

పొగడ్త వేరు, ప్రోత్సాహము వేరు. పదోన్నతి పొందినవానికి అభినందన లేఖలు కుప్పలుగా వచ్చును. అది తప్పినవానికి కార్డుముక్క వ్రాయువాడు అరుదు.

అట్టి అరుదైన లేఖ యొకటి గలదు. మెదకులో 1924లో ప్రతిష్ఠింపబడిన మహాదేవాలయము ఏ సంఘమువారు కట్టించిరో, ఆ మెథడిస్టు సంఘమునకు మూలపురుషుడైన జాన్ వెస్లీ 1791 ఫిబ్రవరి 24న, తన 87వ యేట, విల్బర్‌ఫోర్సునకు దానిని వ్రాసెను. విల్బర్‌ఫోర్సు ఆంగ్ల పార్లమెంటులో బానిస వ్యాపారముతో పోరాడుచుండెను. ఆనాటి యుదయమే వెస్లీ ఒక ఆఫ్రికావాసి రచించిన చిన్న పుస్తకము చదివెను. వలస రాజ్యములలో తెల్లవానికి ప్రతికూలముగా నల్లవాడు ప్రమాణము చేసి చెప్పిన మాటకు విలువలేదని అందు చదివి కలతచెందెను. దేవుడు నియమించిన పనియైనచో ఎవరి ప్రతిఘటనయు నిలువదని, అలసిపోవలదని వ్రాసెను. ఆ లేఖ యొక పుట మించదు.

మార్చి 2న వెస్లీ మరణించెను. ఏప్రిల్‌లో విల్బర్‌ఫోర్సు తీర్మానము 163కు 88 ఓట్లతో ఓడిపోయెను. ఆయన మరల తెచ్చెను, మరల ఓడెను. ఆ వ్యాపారమును నిషేధించు చట్టము 1807లో వచ్చినది.