చింతలున్న ఇంట్లో పండుగ

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం నాడు సంఘం యువజన సమావేశంలో ఒక బాలికల ఆశ్రమ పాఠశాల వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్లు నాకు ఇచ్చిన అంశం "చింతల మధ్య సంతోషంగా బతకడం ఎలా" అని. ఈ మాట మా హాస్టల్ పిల్లలకు చెబితే ఒకరి మొఖం ఒకరు చూసుకుని నవ్వారు. పొద్దున ఐదింటికి గంట కొట్టించే మనిషి, రాత్రి లైట్లు ఆర్పించే మనిషి సంతోషం గురించి ఏం చెబుతుందని వాళ్ల అనుమానం. వాళ్ల అనుమానంలో తప్పేం లేదు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. "మంచిగా ఆలోచించండి, అంతా మంచే జరుగుతుంది" అని ఫోన్లో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఆ మాట చెప్పడానికి రాలేదు. మన చింతలు ఆలోచనల్లోంచి పుట్టినవి కావు. జూన్‌లో పత్తి గింజ పెడతాం. వాన మొఖం చాటేస్తే మళ్లీ గింజ కొనాలి, మళ్లీ పెట్టాలి. ఆ రెండో గింజ పైసలు సావుకారి దగ్గర నుంచే వస్తాయి. పత్తి ఏరకముందే సగం ఆయనదైపోతుంది. పోడు భూమికి పట్టా వచ్చిన ఇల్లు ఒకటుంటే, కాగితం కోసం ఇంకా తిరుగుతున్న ఇల్లు దాని పక్కనే ఉంటుంది. చదువుకున్నవాళ్ల సంగతికి వస్తే, ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిలో జీవో నంబర్ 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ జీవోను నమ్ముకుని డీఎడ్, బీఎడ్ చేసినవాళ్లు ఈ పందిరి కింద కూడా ఉన్నారని నాకు తెలుసు. నేనూ టీచర్ ట్రైనింగ్ చేసినదాన్నే. ఆ రోజు మన ఇళ్లలో ఎట్లా ఉండిందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కాబట్టి చింతలు ఉన్నాయి, నిజమైనవే ఉన్నాయి. నేను మాట్లాడదలచుకున్నది వేరే సంగతి. మన పిల్లల్లో ఈ మధ్య ఒక అలవాటు చూస్తున్నాను. సంతోషాన్ని వాయిదా వేసే అలవాటు.

దండారీ వస్తుంది. ఊర్లో గుమేలాలు దింపుతారు, నెమలి ఈకల టోపీలు బయటికి తీస్తారు. బీఎడ్ అయిన తమ్ముడు మాత్రం పట్నంలో రూములోనే ఉంటాడు. తల్లి ఫోన్ చేస్తే "నోటిఫికేషన్ పడనీ అమ్మా, ఉద్యోగం వచ్చినంక వస్త" అంటాడు. ఒక ఏడాది కాదు, నాలుగేళ్లు అట్లాగే అంటాడు. అతను రాకపోవడానికి చదువొక్కటే కారణం కాదని నాకు తెలుసు. ఊరికి వస్తే కనబడిన ప్రతివాళ్లూ "ఏం చేస్తున్నవ్ ఇప్పుడు" అని అడుగుతారు. దానికి జవాబు లేక రాడు. ఇది పెద్దలకు కూడా చెబుతున్నాను, కోపం తెచ్చుకోవద్దు. పండుగకు వచ్చిన పిల్లవాణ్ని ముందు "తిన్నవా" అని అడగండి. ఉద్యోగం సంగతి అతనే చెబుతాడు, చెప్పాలనిపించినప్పుడు.

మన దండారీ ఏ కాలంలో వస్తుందో ఒకసారి ఆలోచించండి. దీపావళికి ముందు. అప్పటికి పత్తి చేను మీదే ఉంటుంది. మొదటి ఏరుడు అయిందో లేదో, చేతికి పైసలు రాలేదు. జొన్న ఇంకా దూరం. సావుకారి లెక్క అట్లాగే ఉంది. పైసలున్నప్పుడే పండుగ అనుకుంటే దాన్ని పత్తి అమ్ముకున్నాక పెట్టుకునేవాళ్లం కదా. మన పెద్దలు అట్లా పెట్టలేదు. పంట పండినా, ఎండినా ఆ రోజులు వస్తే డప్పు దించాల్సిందే. దండారీకి తిథి ఉంది, షరతు లేదు. ఏడాదికోసారి మొక్కుగా చేసే పని అది. మనసు బాగుంటేనే చేద్దామని ఎవరూ అనరు.

ఇంకొకటి చూడండి, దండారీ ఎవరూ ఒంటరిగా తమ ఇంట్లో చేసుకునేది కాదు. ఒక ఊరి వాళ్లు ఇంకో ఊరికి పోతారు. అక్కడివాళ్లు ఎదురొచ్చి, కాళ్లకు నీళ్లిచ్చి, రాం రాం చెప్పి తీసుకుపోతారు. వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టాలి. ఆ అన్నం ఒక్క ఇంటి మీద పడదు. ఇంటికింత బియ్యం, ఇంటికింత పప్పు వేస్తారు. ఏమీ లేని ఇల్లు కట్టెలు తెస్తుంది, నీళ్లు మోస్తుంది. రాత్రంతా ఆట. పిల్లలూ పిల్లగాళ్లూ ఒకరినొకరు చూసుకునేది అక్కడే, సంబంధాల మాట మొదలయ్యేదీ అక్కడే. గుస్సాడీ వేషం వేసినవాడికి దీక్ష ఉంటుంది, కొలబోడి అయ్యేదాకా నియమం తప్పకూడదు. అంటే నవ్వించే మనిషికి కూడా ఒక కట్టుబాటు ఉంది. (గుస్సాడీ మగవాళ్లే ఎందుకు వేయాలన్నదాని మీద నాకు ఒక మాట ఉంది. అది ఇంకో సభలో మాట్లాడతాను.)

"పాతకాలంలో చింతల్లేవు కాబట్టి ఆడారు, పాడారు" అని కొందరు అంటారు. ఆ మాట తప్పు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాడు. ఆ తర్వాత మన గూడేల్లో ఎంత భయం ఉండి ఉంటుందో ఊహించండి. ఆ కాలంలోనే హైమన్‌డార్ఫ్ వచ్చి మార్లవాయిలో ఉన్నాడు. 1943లో అక్కడే మన పిల్లలను టీచర్లుగా తయారుచేసే శిక్షణ కేంద్రం మొదలైంది. గోండుల మీద ఆయన రాసిన పుస్తకంలో దండారీ గురించి వివరంగా ఉంది. భూమి పోయి, మనుషులు పోయి, పోలీసుల భయం ఇంకా తీరని ఆ ఏళ్లలో కూడా ఆయన దండారీని కళ్లారా చూశాడంటే డప్పు ఆగలేదనే కదా.

కేస్లాపూర్ నాగోబా జాతర చూడండి. పుష్య అమావాస్యకు మెస్రం వంశం వాళ్లు గోదావరి హస్తినమడుగు నీళ్లు నడుచుకుంటూ వెళ్లి తెస్తారు. గోవాడలో 22 పొయ్యిలు మాత్రమే ఉంటాయి. ఎన్ని వందల కుటుంబాలు వచ్చినా ఆ పొయ్యిల మీదే వంతులవారీగా వండుకోవాలి. కొత్త కోడళ్లకు భేటింగ్ జరిగేది, వాళ్లు నాగోబా ముందు, పెద్దల ముందు నిలబడి వంశంలో కలిసేది కూడా అప్పుడే. ఇంత సంబరం జరిగే చోటే దర్బార్ కూడా పెడతారు. 1940లలో హైమన్‌డార్ఫ్ కాలంలో మొదలైన ఆ దర్బార్‌లో భూమి తగాదా, రోడ్డు లేని గూడెం, రాని పింఛను, అన్నీ అధికారుల ముందు పెడతారు. ఒకే జాతర, ఒకే నేల. ఒక పక్క పూజ, ఒక పక్క దరఖాస్తు. దరఖాస్తు తీరాక పూజ చేద్దామని ఎవరూ ఆగరు. పూజ అయింది కదా, ఇక దరఖాస్తు ఎందుకనీ అనరు. నాకు నచ్చేది ఇదే. సంతోషంగా ఉండటమంటే నోరు మూసుకుని ఉండటమని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇప్పుడు మా హాస్టల్ సంగతి ఒకటి చెబుతాను. పేరు చెప్పను. తొమ్మిదో తరగతి పిల్ల. వానాకాలంలో తండ్రి పోయాడు. అప్పు మిగిలింది, ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. తల్లి కూలికి పోతూ ఈ పిల్లను మళ్లీ తెచ్చి దింపింది. పిల్ల చదివేది, తినేది, పిలిస్తే పలికేది. నవంబర్‌లో బాలల దినోత్సవానికి డాన్సు నేర్పిస్తుంటే వరుసలో నిలబెట్టాను. ఒకరోజు ఎవరో కాలు జారి పడితే అందరితోపాటు ఈ పిల్ల కూడా నవ్వింది. మరుసటి నిమిషం వరుసలో లేదు. వెతికితే నీళ్ల ట్యాంకు వెనక కూర్చుని ఏడుస్తోంది. ఏమైందంటే "నేను నవ్విన మేడం" అంది. దొంగతనం ఒప్పుకున్నట్టు చెప్పింది.

మీలో చాలామందికి ఈ బాధ తెలుసు. ఇంట్లో అమ్మ ఎండలో పత్తి ఏరుతుంటే నేనిక్కడ నవ్వొచ్చా, సినిమా చూడొచ్చా, కొత్త అంగీ తొడుక్కోవచ్చా అనే బాధ. నవ్వితే ఇంటికి ద్రోహం చేసినట్టు అనిపిస్తుంది. మంచి పిల్లలకే ఇది ఎక్కువ.

ట్రైనింగ్‌లో పిల్లల మనసు గురించి చాలా చదివాను. ఆ రోజు అందులోది ఏదీ నోటికి రాలేదు. మా వంట ఆమె వచ్చి పక్కన కూర్చుంది. గోండిలో అడిగింది, మీ నాయిన దండారీలో ఏం వాయించేటోడని. గుమేలా అంది పిల్ల. ఏ దెబ్బ వాయించేటోడని ఆమె అన్నం గిన్నె బోర్లించి వేళ్లతో కొట్టింది. పిల్ల కాసేపు విని, "అట్ల కాదు" అని గిన్నె లాక్కుని తానే కొట్టి చూపించింది. అంతే జరిగింది. ఆ రోజు డాన్సుకు రాలేదు, రెండు రోజుల తర్వాత వచ్చింది. అప్పు తీరలేదు, తల్లి ఇంకా కూలికే పోతోంది. పిల్ల ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. ఆ గుమేలా మాత్రం ఇంట్లో అటక మీది నుంచి దిగింది, ఆమె తమ్ముడు వాయిస్తున్నాడు.

మన దగ్గర చావుకు కూడా వాయిద్యం మోగుతుంది కదా. ప్రధాన్ కీంగ్రి పట్టుకుని కూర్చుంటే పెళ్లి కథా చెబుతాడు, పోయినవాళ్ల కథా చెబుతాడు. దుఃఖానికొక వాయిద్యం, సంతోషానికొక వాయిద్యం అని మనవాళ్లు కొనిపెట్టుకోలేదు.

కనకరాజు గారిని మీరంతా ఎరుగుదురు. మార్లవాయి మనిషి, గుస్సాడీని దేశానికి చూపించినవాడు, 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2024 అక్టోబర్‌లో, సరిగ్గా దండారీ రోజులప్పుడు కన్నుమూశారు. ఎంతోమంది యువకులకు ఆ ఆట నేర్పించి పోయారు. నేర్చుకున్నవాళ్లలో మీ వయసువాళ్లు కొందరు ఇక్కడ ముందు వరుసలోనే ఉన్నారు, నేను చూస్తున్నాను. వాళ్లకు ఉద్యోగాలు వచ్చాయా లేదా నాకు తెలియదు. ఆడేటప్పుడు వాళ్ల మొఖం చూడండి.

ఒక విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. పాట, ఆట అన్ని బాధలకూ మందు కాదు. వారాల తరబడి నిద్ర పట్టకపోతే, తిండి సహించకపోతే, ఏ పనీ చేయబుద్ధి కాకపోతే, బతకడమే దండగ అనిపిస్తే అది జబ్బు కావచ్చు. జ్వరం వస్తే డాక్టర్ దగ్గరికి పోతాం, దీనికీ పోవాలి. గాలి సోకిందని అక్కడక్కడా తిప్పి రోజులు పోగొట్టొద్దు. 14416కు ఫోన్ చేస్తే టెలిమానస్ వాళ్లు మాట్లాడతారు. రాత్రీ పగలూ పలుకుతారు, పైసలు పడవు. ఈ నంబర్ ఇప్పుడే ఫోన్లలో వేసుకోండి, నేను ఆగుతాను. మీకు అవసరం లేకపోయినా పక్కవాడికి పడొచ్చు. ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే తాళం వేసిన చోట పెట్టించండి. ఒక్క ఘడియ కోపంలో, ఒక్క ఘడియ అవమానంలో చేతికి అందకపోతే ప్రాణం నిలుస్తుంది. మార్కులు తక్కువొచ్చాయని, ఫోన్ కొనివ్వలేదని, సంబంధం ఒప్పుకోలేదని మన పిల్లలు పోవడం నేను విన్నాను. ఇక వినదలచుకోలేదు.

సంతోషం పేరుతో అప్పు చేయడం గురించి కూడా కొంచెం మాట్లాడాలి. దండారీకి డీజే ఎందుకు తమ్ముళ్లూ? దాని కిరాయి పైసలతో ఎంతమంది అతిథులకు అన్నం పెట్టొచ్చో లెక్క వేయండి. డీజే పెడితే వాయించేవాళ్లంతా చేతులు కట్టుకుని నిలబడతారు. గుమేలాకు, తుడుంకు కరెంటు అక్కర్లేదు, కిస్తీ అక్కర్లేదు. తాగుడు సంగతి మీకు తెలుసు, తాగినవాడికి తెల్లారి ఏ పాట పాడారో గుర్తుండదు.

మా హాస్టల్లో రాత్రి స్టడీ అవర్ అయ్యాక పావుగంట ఒక పని చేస్తాం. లైట్లు ఆర్పేలోపు ఒక్కొక్కరు ఆ రోజు మంచిగనిపించింది ఒకటి చెప్పాలి. మొదట్లో అందరూ "ఇయ్యాల గుడ్డు పెట్టిండ్రు" అని చెప్పారు. వారానికి గుడ్డు మెనూ మొత్తం నాకు అప్పజెప్పారు. నేను ఊరుకున్నాను. గుడ్డు కూడా మంచిదే. నెల గడిచాక ఒక పిల్ల "మా ఊరి వాగు నిండిందని అమ్మ ఫోన్ల చెప్పింది" అంది. ఇంకో పిల్ల "నాకు లెక్క రాలేదు కానీ ఆమె మళ్లీ చెప్పింది" అని పక్క పిల్లను చూపించింది. ఏమీ లేదు అనే హక్కు కూడా ఇచ్చాను. మూడు రోజులు వరసగా ఏమీ లేదన్న పిల్లను నాలుగో రోజు నేను విడిగా పిలుస్తాను. నిజానికి ఆ పావుగంట నాకు ఎక్కువ పనికొచ్చేది అందుకే. మీరూ మీ రూముల్లో, నలుగురు కలిసి చదువుకునే చోట ఇది చేసి చూడండి. నవ్వులాటగా మొదలైనా పర్వాలేదు.

ఈసారి దండారీకి పట్నంలో ఉన్నవాళ్లు రెండు రోజులైనా రండి. పుస్తకం తెచ్చుకోండి, పగలు చదువుకోండి, ఎవరూ వద్దనరు. ఊర్లో ఆ పాటలు మొత్తం వచ్చినవాళ్లు ఎంతమంది మిగిలారో పోయి చూడండి. వాళ్ల పక్కన కూర్చుని ఒక్క పాటైనా మొదటి నుంచి చివరిదాకా నేర్చుకోండి. ఫోన్లో రికార్డు చేసుకోండి, తప్పు లేదు, కానీ నోటికి రావాలి.

నా తర్వాత మా పిల్లల పాట ఉంది. పొద్దుటి నుంచి జడలు వేసుకుని, పూలు పెట్టుకుని పందిరి వెనక నిలబడ్డారు. నా ప్రసంగం ఎప్పుడు అయిపోతుందా అని ఇప్పటికి రెండుసార్లు తొంగి చూశారు. నేను దిగుతున్నాను.

రాం రాం.