తల్లి చేతిలో ఏముండాలె?

మా క్యాంపు రూంల పాత క్యాలెండర్ ఒకటుంది. దాంట్ల తెలంగాణ తల్లికి కిరీటం, చేతిలో బతుకమ్మ. 2024 డిసెంబర్ 9న సచివాలయంలో పెట్టిన విగ్రహానికి అవి లేవు. ఆకుపచ్చ చీర, చేతిలో వరి, జొన్న, సజ్జ, మక్క కంకులు. ఇదే అధికారిక రూపమని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది.

కిరీటం పోతే నాకు బాధ లేదు. మా అమ్మ ఎన్నడు పెట్టుకున్నది గనుక! బతుకమ్మ దగ్గరనే మనసు ఆగింది. 2014లో దాన్నే రాష్ట్ర పండుగ చేసింది ఇంకో ప్రభుత్వం. అప్పుడూ మనల్ని అడగలే, ఇప్పుడూ అడగలే.

జమైకా నుంచి ఇంగ్లండుకు వలసపోయిన స్టువర్ట్ హాల్ అనే పండితుడు, సంస్కృతి అంటే అధికారం కోసం పెనుగులాట జరిగే జాగ అని చెప్పిండు. నాకు ఈ క్యాలెండర్‌తోనే సమజైంది.

అమ్మకు ఫోన్ చేసిన. "కంకులు కోసేది నేనే, బతుకమ్మ పేర్చేది నేనే గదరా" అన్నది. రూంల తమ్ముడు క్యాలెండర్ తీసేద్దామన్నడు. ఉండనీ అన్న.