ఆపద వేళ ఆసుపత్రి ఖర్చు

అనకాపల్లి బెల్లపు మార్కెట్టులో దిమ్మను చూడకుండ, ధర తెలియకుండ ఎవరును కొనరు. వర్తకుడు రంగు చూచును, గట్టిదనము చూచును, ఆ తరువాతనే ధర పలుకును. ఆ వర్తకుడే, తెల్లవారుజామున జాతీయ రహదారిపై లారీ తగిలి పడిపోయిన కుమారుని ఆసుపత్రికి చేర్చినప్పుడు ధర అడుగగలడా? అడుగుటకు వ్యవధియు లేదు, మనసును రాదు. చికిత్స ముగిసిన నాడు చేతికి వచ్చు బిల్లు ఆ ఇంటికి రెండవ ప్రమాదమగుట అందువలననే.

ఈ విషయమున మనకు కొంత రక్షణ లేకపోలేదు. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు, గాయపడినవారి ప్రాణము కాపాడుట ప్రభుత్వ వైద్యునకైనను ప్రైవేటు వైద్యునకైనను ప్రథమ కర్తవ్యమనియు, పోలీసు లాంఛనములు అందుకు అడ్డు కారాదనియు చెప్పినది. అయితే ఖర్చు మాట మిగిలియే పోయినది. 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన పథకము ఆ లోటును కొంత తీర్చినది. మోటారు వాహన ప్రమాదమున గాయపడినవారికి, ప్రమాదము నాటి నుండి 7 రోజుల వరకు, 1,50,000 రూపాయలకు మించకుండ, నగదు చెల్లింపనక్కరలేని చికిత్స లభించును.

ఇందొక మెలిక కలదు. పూర్తి చికిత్స పథకమున చేరిన ఆసుపత్రులలోనే. ఇతర ఆసుపత్రులలో రోగి స్థితి నిలకడకు వచ్చువరకే పథకము వర్తించును. గుండెపోటు వంటివి ఇందులోనికి రావు. వానికి, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇపుడు ఎన్.టి.ఆర్. వైద్య సేవ అను పేర నడచుచున్న పథకము అర్హులైన కుటుంబములకున్నది. అదియు జాబితాలోని ఆసుపత్రులకే పరిమితము.

మనవారనేకులు నివసించు అమెరికాలో 2022 జనవరి 1 నుండి ఒక చట్టము అమలులోనున్నది. ఇన్సూరెన్సు గల రోగిని అత్యవసర వేళ జాబితాలో లేని ఆసుపత్రికి కొనిపోయినను, ఆ కారణమున అతనిపై అదనపు బిల్లు వేయరాదు. ఆసుపత్రిని ఎంచుకొను స్థితిలో లేనివానిపై ఎంపిక భారము మోపరాదన్నదే దాని న్యాయము. మనకును అట్టి న్యాయము కావలెనని మేము తలంచుచున్నాము. అది వచ్చువరకు ఆ భారము మన ఇంటిదే.

కనుక, సమీపమున ఏ ఆసుపత్రి ఏ పథకమున చేరినదో నేడే కనుగొని గోడపై వ్రాసియుంచుకొందము. 108 అంబులెన్సుకు రుసుము లేదని ఇంటిల్లిపాదికి తెలియవలెను. ఆసుపత్రి చేరగనే ఒకరు రోగి వద్ద నిలువగా, ఇంకొకరు కార్యాలయమునకు పోయి, “ఇచట పథకము వర్తించునా? లేనిచో ఎంత అగును?” అని అడిగి అంచనాను వ్రాతమూలముగ తీసుకొనవలెను. రోడ్డు ప్రమాదమైనచో పోలీసులకు తెలుపవలెను. ప్రతి రసీదును దాచవలెను.

ఇట్లడుగుట వైద్యుని శంకించుట కాదు. ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వబోవుట తగదని పెద్దలు చెప్పిన మాటను పాటించుట మాత్రమే. గోడపై ఆ నాలుగు పంక్తులు వ్రాయుటకు ఈ సాయంకాలమే చాలును.