కొండ మీది గాలి, కొండ దిగువ నీరు
(హోప్ టౌన్ సభలో చేసిన ప్రసంగ పాఠము)



1872 ఫిబ్రవరి 8వ తేదీన వైస్రాయి మేయో ఈ హోప్ టౌన్ రేవులోనే షేర్ అలీ చేతిలో హతుడైనాడు. ఇది అందరికీ తెలిసినదే. అంతకు ముందు ఆయన హారియట్ కొండ ఎందుకు ఎక్కినాడో చెప్పేవారు తక్కువ. అక్కడ ఆరోగ్యనివాసము నెలకొల్పుటకు అనువుగా ఉన్నదా అని చూడబోయినాడు. దిగువన అడవులు నరికే ఖైదీలను చలిజ్వరము పొట్టన పెట్టుకొనుచుండినది. దానికి కారణము చెడుగాలి అని నాటి వైద్యుల నమ్మకము.

25 సంవత్సరాల పిదప, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. 1912లో వెలువడిన క్రిస్టోఫర్స్ నివేదిక ఈ దీవుల జ్వరానికి మూలము తీరపు ఉప్పుచిత్తడిలో పెరిగే దోమ అని తేల్చినది. చిక్కు కొండ మీది గాలిలో లేదు, దిగువ నీటిలో ఉన్నది!

స్వాతంత్ర్యము వచ్చిన నాటికి భారతీయుల సగటు ఆయువు సుమారు 32 ఏండ్లు. నేడు 70 దరిదాపు. నాడు అందరూ 32కే మరణించిరని దీని అర్థము కాదు. పొత్తిళ్ళలోనే పోయిన బిడ్డలు ఆ లెక్కను క్రిందికి లాగినారు. వారిని నిలిపినవి టీకాలు, మంచినీరు, శుభ్రమైన పురుడు. మందుల పాత్రను మేము తక్కువ చేయము. భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణలోనే ఆరియోమైసిన్ వెలువడినది. (ఆయన మాత్రము 1948లో, 53 ఏండ్లకే కన్నుమూసినారు.)

అందుచేత మా కోర్కెల పత్రములో ఆసుపత్రి మంచాలతోబాటు కూలీల గుడిసెల చుట్టు మురుగుకాలువలను, కుళాయి నీటిని చేర్చినాము. మొదట వ్రాసినది కాలువలనే.